నానబెట్టని శనగలు

"ఆ నానబెట్టడం అన్న ముక్క తీసేశానోయ్," అన్నాడాయన, కుర్చీలో వెనక్కి వాలుతూ.

ఆమె చిలగడదుంపలకి అంటుకున్న మట్టి కడుగుతోంది. కొళాయి కట్టేసి, "ఎందుకండీ?" అంది.

"ఎనిమిది గంటలు నానాలి అని రాస్తే ఎవరు కొంటారు? పుస్తకం పేరేంటి? 'బడి నుంచి రాగానే: పది నిమిషాల చిరుతిళ్ళు'. లోపలికెళ్ళి ఎనిమిది గంటలంటే అసలు పేరుకే ఎసరు. అయినా అలాంటివి ఆడవాళ్ళకి తెలిసినవేగా. మళ్ళీ రాయడం దేనికి?"

"నానకపోతే ఉడకవండీ."

"ఉడుకుతాయిలే," అన్నాడు, శనగలు తన మాట వింటాయన్నట్టు.

పుస్తకం అలాగే అచ్చయింది. నలభై ఒకటో పేజీలో శనగల బిళ్ళలు. ఒక కప్పు శనగలు కుక్కర్లో పది నిమిషాలు ఉడికించి, మెత్తగా మెదిపి, కేరట్ తురుమూ ఉల్లిపాయలూ కలిపి, పెనం మీద రెండువైపులా కాల్చండి. పక్కన ఆయన ఫొటో. మరకలేని ఆప్రాన్, చేతిలో కేరట్, మొహం నిండా నవ్వు. ఆ కేరట్‌ని ఆయన పట్టుకున్న తీరు చూస్తే తెలిసిపోతుంది, కలాన్ని తప్ప దేన్నీ అలా పట్టుకుని ఎరగడని.

ఆయన్ని అందరూ 'నాలుగు గంటల నాన్న' అంటారు. ఆదివారం పేపర్లో ఆయన రాసే శీర్షిక పేరు అది. బడి వదిలాక ఆకలితో ఇంటికొచ్చే పిల్లలకి ఒంటికి మంచిదీ, కడుపు నిండేదీ ఏం పెట్టాలో చెబుతాడు. శనివారం టీవీలో కూడా చెబుతాడు. అంతకుముందు బిస్కెట్ల కంపెనీలో ప్రకటనలు రాసేవాడు. పిల్లలకి బిస్కెట్లు పెట్టండి అని పదేళ్ళు చెప్పిన నోరే ఇప్పుడు పెట్టకండి అని చెబుతోంది, రెండింటికీ చప్పట్లే. ఇక నాలుగు గంటలకి ఆయన ఇంట్లో ఉన్నది పెళ్ళైన ఈ పధ్నాలుగేళ్ళలో రెండే రెండు సార్లు. ఒకసారి జ్వరం, ఒకసారి కాలు బెణికింది. రెండుసార్లూ పిల్లలతో పాటు ఆయనకీ ఆమే పెట్టింది.

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ చిరుతిళ్ళన్నీ ఆమెవి. పెళ్ళికి ముందు నుంచీ ఆరేళ్ళు ఆమె ఒక పెద్దాసుపత్రిలో, పిల్లల వార్డు వంటింట్లో పనిచేసింది. మందు చేదుకి నోరు చచ్చిపోయిన పిల్లల చేత ముద్ద మింగించడం అక్కడ నేర్చుకుంది. కేరట్‌ని గుండ్రంగా తరిగితే వదిలేసే పిల్ల, నిలువుగా పుల్లల్లా తరిగితే తింటుంది. గుడ్డు మొత్తంగా ఇస్తే మొహం తిప్పేవాడు, సగానికి కోసి ఇస్తే రెండు సగాలూ తింటాడు. బడి నుంచి వచ్చిన పిల్లల్ని మార్కులెన్ని అని అడక్కూడదు. ముందు మంచినీళ్ళివ్వాలి, తర్వాత నమిలేదేదైనా చేతిలో పెట్టాలి, కాసేపు మన పని మనం చేసుకోవాలి. నములుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఈ సంగతి ఒకరోజు వేరుశనగలు వేయిస్తూ ఆయనతో అంది. ఆ శనివారమే అది టీవీలో వినిపించింది. "నమిలే పిల్లలే నోరు విప్పుతారు, ఇది నా అనుభవం," అని ఆయన అంటుంటే, ఎదురుగా కూర్చున్న అమ్మాయి కళ్ళు ఆర్పకుండా విని, మీలాంటి నాన్న ప్రతి ఇంటా ఉండాలి సార్ అంది. ఆమె అప్పుడు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ కాస్త కాలింది. పొరపాటున కాదు.

ఆసుపత్రి ఉద్యోగం చిన్నవాడు పుట్టాక పోయింది. అత్తగారు ఆరోజు ఉయ్యాల ఊపుతూ, "ఇంట్లో పిల్లలకి దిక్కులేదు గానీ, ఊళ్ళో పిల్లలకి వండటానికి పోతావటమ్మాయ్?" అంది. ఆయన పేపర్ వెనక నుంచి, "అమ్మ చెప్పిందీ నిజమేగా," అన్నాడు. 'అమ్మ చెప్పిందీ' అనడంలో ఉన్న ఆ దీర్ఘం ఆమెకి ఇప్పటికీ గుర్తు. అందులో ఆయన మాట కూడా కలిసిపోయి ఉంది, కానీ ఎవరైనా అడిగితే నేనేమన్నానూ అని తప్పుకోవడానికి చోటు కూడా ఉంది.

నలుగురి ముందు వంట చేసి చూపించే రోజుల్లో పని ఇలా జరుగుతుంది. ఆమె ముందే అంతా చేసేస్తుంది. ఒకటో డబ్బాలో పచ్చివి, రెండో డబ్బాలో ఉడికినవి, మూడో డబ్బాలో తరిగినవి, నాలుగులో కలిపిన ముద్ద, ఐదులో కాల్చి సిద్ధంగా ఉన్నవి. మూతల మీద అంకెలు వేస్తుంది. ఆయన వేదిక మీద అంకెల వరుసలో మూతలు తీస్తూ కబుర్లు చెబుతాడు. రుచి కూడా చూడడు, ఆప్రాన్ మీద పడుతుందని. చూసేవాళ్ళకి మాత్రం పది నిమిషాల్లో పళ్ళెం నిండినట్టే ఉంటుంది. ఆ పది నిమిషాల వెనక ఆమెవి ఎన్ని గంటలో అడిగినవాళ్ళు లేరు.

పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఉత్తరాలు మొదలయ్యాయి. ఉత్తరాలు విప్పడం కూడా ఆమె పనే. పొగిడేవి ఆయన బల్ల మీద పెట్టాలి, తిట్టేవి ఆమే చూసుకోవాలి. ఆ తిట్టేవాటిలో సగం నలభై ఒకటో పేజీ గురించే. ఒక నర్సు రాసింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్ర ఆపుకుని, పిల్లాడు బడి నుంచి వచ్చేసరికి శనగల బిళ్ళలు చేద్దామని మూడుసార్లు కూర్చుందట. మూడుసార్లూ శనగలు రాళ్ళలా మిగిలాయట. మీ ఆవిడకి పేషెంట్ల మీద ఉన్న శ్రద్ధ కన్నబిడ్డ మీద లేదురా అని అత్తగారు కొడుకుతో అంటోందట. 'నేనేం తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పండి సార్' అని ముగించింది.

ఈ ఉత్తరాన్ని మాత్రం ఆమె తీసుకెళ్ళి పొగడ్తల దొంతర పైన పెట్టింది. ఆయన చదివాడు. ఆ ఆదివారం జవాబు రాశాడు. 'ఎంతోమంది తల్లులు చేస్తున్న వంటకం ఒక్క తల్లికే ఎందుకు రావడం లేదు? లోపం శనగల్లో లేదమ్మా. అమ్మ మనసులో ఉంది. ప్రేమ కలిపి ఉడికించండి.'

ఆమె ఆ వాక్యం నాలుగుసార్లు చదివింది. తన మీద ఎన్ని మాటలు పడ్డా మింగింది గానీ, ఇది గొంతు దిగలేదు. తన శనగలు పెట్టి, తన ఎనిమిది గంటలు కోసేసి, ఎక్కడో కళ్ళు మూతలు పడుతూ పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడదాన్ని కొట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఈయనకి చాలదు. ఈయన అసలు ఆడనే ఆడడు. కడుపు మండిపోయింది ఆమెకి. ఆ మంట మీద కుక్కర్ పెట్టినా ఉడికేవి శనగలు.

సరిగ్గా ఆ వారమే పిల్లలు చదివే బడి నుంచి ఫోనొచ్చింది. తల్లిదండ్రులు పని నుంచి వచ్చేదాకా బడిలోనే ఉండే పిల్లలు నూట నలభై మంది ఉన్నారు. వాళ్ళ కోసం సాయంత్రపు వంటిల్లు ఒకటి కట్టారు. ఆయన గడ్డం గీసుకుంటున్నాడని ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకుంది ఆమె.

"సార్, మాకు ఉపన్యాసాలిచ్చేవాళ్ళు కాదు, రోజూ వచ్చి వండే మనిషి కావాలి," అంది హెడ్మిస్ట్రెస్. "మీ ఇంట్లో ఇవన్నీ చేసేదెవరండీ? మీ పిల్లలు మీ ఆవిడ చేస్తుందంటారు."

ఆయన నురగ మొహంతో నవ్వాడు. "పిల్లలకేం తెలుసండీ! మా ఆవిడ కాస్త కూరలు తరిగి పెడుతుంది. అంతకుమించి తనకి చేతకాదు. చెయ్యి నాదే."

ఆ ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆమెది. కదలకుండా పట్టుకుంది.

ఫోన్ పెట్టేశాక ఏర్పాటంతా ఆయనే చెప్పాడు. వంటింటికి ఆయన పేరు, గోడ మీద ఆయన బొమ్మ. గురువారం నాలుగింటికి తల్లుల ముందు శనగల బిళ్ళలు చేసి చూపిస్తాడు, అది కాగానే ఒప్పందం మీద సంతకాలు. "నువ్వు రోజూ మధ్యాహ్నం వెళ్ళి వండి పెట్టి వచ్చేయ్. వెనక గుమ్మం ఉందిట, ఎవరి కంటా పడక్కర్లేదు."

"మరి నేను అక్కడ ఏమవుతానండీ?"

"ఏమవుతావేంటోయ్? మా ఆవిడవి," అన్నాడు, ఆ ప్రశ్నే అర్థం కానట్టు.

ఆమెకి ఆ వంటిల్లు కావాలి. అంత గట్టిగా ఒకటి కావాలనుకుని ఎన్నేళ్ళయిందో. పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు రెండుసార్లు కిటికీలోంచి తొంగి చూసింది. మూడు పెద్ద పొయ్యిలు, వెడల్పాటి తొట్టి, పిల్లల ఎత్తుకి కట్టిన గట్టు. ఎక్కడ నిలబడాలో, నీళ్ళ బిందె ఎక్కడ పెట్టాలో, ఒకరినొకరు తోసుకోకుండా పిల్లల వరుస ఎటు నుంచి రావాలో మనసులో సర్దేసుకుంది కూడా. ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాలనుకుంది. ఆ గుమ్మం దాకా వెళ్ళే దారిలో మొగుడు అడ్డంగా నిలబడి ఉన్నాడు, మరకలేని ఆప్రాన్ కట్టుకుని.

బుధవారం మధ్యాహ్నం ఆమె పుస్తకం తీసి నలభై ఒకటో పేజీ దగ్గర గరిటె అడ్డం పెట్టింది. పెద్ద గిన్నెలో పిల్లల కోసం శనగలు పోసి, నిండా నీళ్ళు పోసి నానబెట్టింది. ఇంకో చిన్న గిన్నెలో ఆయన కోసం శనగలు పోసింది. నీళ్ళు పోయలేదు. పుస్తకంలో లేదుగా. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన మాట ఇంత అక్షరం పొల్లుపోకుండా ఎప్పుడూ వినలేదు.

ఉప్పెక్కువ వేయొచ్చు, మాడ్చేయొచ్చు. ఆ ఆలోచనలు కూడా వచ్చాయి. కానీ అవి ఆమె తప్పులవుతాయి. ఆయన తప్పుని ఆయన చేతికే ఇవ్వాలి, ఒక్క శనగగింజ తేడా లేకుండా. ఇంకొకటి కూడా తెలుసు ఆమెకి. తప్పు అనేదాన్ని ఆయన తన కంచంలో క్షణం ఉంచుకోడు. వెంటనే ఆమె కంచంలోకి తోసేస్తాడు. ఆ తోసే తొందరలో ఏం మాట్లాడతాడో ఆయనకే తెలియదు. ఆమె నమ్ముకున్నది ఆ తొందరనే.

అత్తగారు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, రెండు గిన్నెలనీ చూసింది. "వేరువేరుగా ఎందుకమ్మాయ్?"

"అవి పిల్లలకి, ఇవి ఆయనకి అత్తయ్యా."

అత్తగారు చిన్న గిన్నెలో చెయ్యి పెట్టి పొడి శనగలు కదిపింది. యాభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసింది, అందులో నవ్వుతున్న కొడుకు వైపు చూసింది, కోడలి మొహం వైపు చూసింది.

"వీడి నాన్న కూడా అంతే," అంది చివరికి. "నేను చేసిన పచ్చడి తనే చేశానని ఆఫీసులో పంచేవాడు." చెయ్యి దులుపుకుంది. "నాకీమధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదమ్మా. నేనేం చూళ్ళేదు." మంచినీళ్ళు తాగడం మర్చిపోయి వెళ్ళిపోయింది.

గురువారం బడి హాలు నిండిపోయింది. రెండొందల మంది తల్లులు, తలుపు దగ్గర ఫోన్లు చూసుకుంటూ ఓ పదిమంది తండ్రులు, ముందు వరుసల్లో నేల మీద పిల్లలు. ఆయన కాలర్‌కి మైకు పెట్టుకుని బల్ల వెనక నిలబడ్డాడు. ఆమె హాలు చివర, వంటింట్లోకి వెళ్ళే తలుపుని ఆనుకుని నిలబడింది. భయమూ ఉంది, ఆత్రమూ ఉంది. ఆత్రమే ఎక్కువ.

"చూడండమ్మా, ప్రేమ ఉంటే పది నిమిషాలు చాలు," అంటూ రెండో డబ్బా మూత తీసి, శనగలు పళ్ళెంలో పోసి, పప్పుగుత్తితో ఒక్క నొక్కు నొక్కాడు. ఒక శనగ ఎగిరి మైకుకి తగిలి టక్ మంది. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వి, ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఈసారి నాలుగు లేచాయి. ఒకటి ముందు వరుసలో పిల్ల ఒళ్ళో పడింది. ఆ పిల్ల దాన్ని నోట్లో వేసుకుని, కొరికి, బయటికి తీసి, "టీచర్, ఇది రాయి," అంది.

ఆయన రెండు చేతులా, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. పళ్ళెం జారింది. శనగలు బల్ల మీంచి హాలంతా దొర్లాయి. పిల్లలకి పండగైపోయింది, ఏరుకోవడానికి ఎగబడ్డారు. ఇనుప గుగ్గిళ్ళంటారే, అవి ఎలా ఉంటాయో ఆ హాల్లో వాళ్ళందరికీ తెలిసింది. హడావిడిగా మూడో డబ్బా, నాలుగో డబ్బా తీశాడు. నాలుగో దాంట్లో ముద్ద లేదు, కేరట్ తురుముతో కలిసిన రాళ్ళున్నాయి. ఐదో దాంట్లో అవే రాళ్ళు, కాల్చినవి.

హెడ్మిస్ట్రెస్ కుర్చీలోంచి ముందుకి వంగి, "ఏమైంది సార్?" అంది.

అప్పుడన్నాడు. ఆమె అనుకున్నదానికన్నా ముందే అన్నాడు. "మా ఆవిడండీ! ఎప్పుడూ ఇలా కాలేదు. ఉడికించేదీ, తరిగేదీ, కలిపేదీ, కాల్చేదీ, అన్నీ తనే చేసి డబ్బాల్లో సర్ది ఇస్తుంది. నేను మూతలు తీయడమే. ఈరోజు నానబెట్టకుండా ఏడ్చినట్టుంది!"

మైకులో ఆ మాటలు హాలు నాలుగు మూలలకీ వెళ్ళాయి. నేను మూతలు తీయడమే. పధ్నాలుగేళ్ళుగా ఏ గదిలోనూ ఆయన నోట వినని మాట, రెండొందల మంది ఎదుట, ఎవరూ అడక్కుండానే. ఆమె ఇంత సంతోషం ఉంటుందని అనుకోలేదు.

మధ్య వరుసలో ఒకామె లేచింది. డ్యూటీకి బయల్దేరినట్టు యూనిఫాంలో ఉంది, చేతిలో పుస్తకం. "సార్, నానబెట్టాలా? నలభై ఒకటో పేజీలో నానబెట్టమని లేదే."

"అది... అది తెలిసిన విషయమేగా అమ్మా."

"నాకు తెలియదండీ. నాకు వంట నేర్పేవాళ్ళు లేరు. అందుకే పుస్తకం కొన్నాను." పుస్తకం ఎత్తి చూపించింది. "మీకు ఉత్తరం రాసిన నర్సుని నేనే. లోపం నా మనసులో ఉందన్నారు. మా అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మా ఇంట్లోనూ అంతే అంది ఒకావిడ. కుక్కర్ పాడైందనుకుని రబ్బరు మార్పించానండీ అంది ఇంకొకావిడ. నవ్వులు లేచాయి, కానీ సరదా నవ్వులు కావవి. ఆయన కాలర్ మీది మైకు కోసం తడుముకున్నాడు.

పగ పెద్దవాళ్ళ మీదే. పిల్లలకి ఆకలి వేళ. ఆమె తలుపు తీసి వంటింట్లోకి వెళ్ళి, పెద్ద కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. మధ్యాహ్నమే ఆయా చేత వెనక గుమ్మం తీయించుకుని, ఆ మూడు పొయ్యిల మీద ఆమె కాల్చిన బిళ్ళలు దొంతర్లుగా ఉన్నాయి. పక్కన పెరుగులో కలిపిన కీరా, పుల్లల్లా తరిగిన కేరట్లు. పిల్లలు వరుస కట్టారు. ముందు మంచినీళ్ళు, తర్వాత బిళ్ళలు. ఎవర్నీ ఏమీ అడగలేదు. రెండో బిళ్ళ సగంలో ఉండగా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కబుర్లు మొదలెట్టారు. ఎవరికో పన్ను ఊడిందట, ఎవరో ఎవరితోనో పచ్చి కొట్టి మాట్లాడటం మానేశారట.

హెడ్మిస్ట్రెస్ నిలబడే ఒకటి తిని, ఇంకోటి తీసుకుంది. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఆసుపత్రిలోనండీ. పిల్లల వార్డులో ఆరేళ్ళు చేశాను."

"మీవారు మీకు చేతకాదన్నారే?"

"ఆయన రుచి చూడరండీ."

హెడ్మిస్ట్రెస్ చేతిసంచీలోంచి వంటింటి తాళాలు తీసింది. ఇంతలో ఆయన వచ్చాడు. మైకు తీసేసి, చెమట తుడుచుకుని, నవ్వు మళ్ళీ తగిలించుకుని వచ్చాడు. వెనకే ఈ కార్యక్రమం గురించి రాయడానికొచ్చిన పేపరమ్మాయి, చేతిలో కలం, కాగితం. ఆ వెనక నర్సు, ఇంకో పదిమంది తల్లులు.

"చిన్న పొరపాటండీ," అన్నాడు అందరికీ వినపడేలా. "పుస్తకంలో అచ్చు కాకపోయినా, నానబెట్టమని నేను నోటితో చెప్పాను. మా ఆవిడ మర్చిపోయింది. అంతే. తననే అడగండి." ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "మర్చిపోయానని ఒక్క మాట అనవే. ఇంటికెళ్ళాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. ఇక్కడ మాత్రం నా పరువు కాపాడు," అన్నాడు.

ఒక్క మాటే. ఆమెకి అలవాటైన మాటే. పెద్దదాన్ని బడి గేటు దగ్గర గంటన్నర నిలబెట్టి ఆయన సినిమాకెళ్ళిన రోజు, ఆయనకి చెప్పడం నేనే మర్చిపోయానండీ అని టీచరుకి చెప్పింది. అత్తగారి మందులు తేకపోతే, చీటీ ఇవ్వడం మర్చిపోయాను అంది. ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ రమ్మని రాసిన ఉత్తరం నెల్లాళ్ళ తర్వాత ఆయన సొరుగులో దొరికితే, ఆయన నోరు తెరవకముందే, నేనే చూడటం మర్చిపోయానేమో అంది. ఆ మాట ఇప్పుడు అంటే వంటిల్లు ఆయనది, వెనక గుమ్మం ఆమెది, లోపం ఆ నర్సు మనసుది.

పేపరమ్మాయి కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. నర్సు కూడా.

"మర్చిపోయావు కదూ?" అన్నాడాయన మళ్ళీ, బతిమాలుతూ.

"లేదండీ," అంది ఆమె, అందరికీ వినపడేలా, తాళాల కోసం చెయ్యి చాస్తూ. "నేను ఒక్కటి కూడా మర్చిపోలేదు."